లోక్ అదాలత్‌లో రాజీ పడుతున్నారా? మెమో జాగ్రత్తగా రాయించుకోండి

గాజువాకలో సిమెంటు కొట్టు ఉందనుకోండి. ఓ కాంట్రాక్టరు రూ. 2,40,000 బాకీ. ఇచ్చిన చెక్కు బౌన్సయింది. కోర్టుకెక్కకుండానే, లోక్ అదాలత్‌లో తేల్చుకోవడానికి విశాఖ జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అర్జీ పెట్టుకోవచ్చు. దీన్ని పీఎల్‌సీ (ప్రీ-లిటిగేషన్ కేసు) అంటారు. కోర్టు ఫీజు ఉండదు. ఇద్దరి పేర్లు, చిరునామాలు, బాకీ వివరం రాసి, చెక్కు, బ్యాంకు రిటర్న్ మెమో, బిల్లుల జిరాక్సులు జతచేయాలి. అవతలి పక్షానికి నోటీసు సంస్థే పంపుతుంది.

అలాగని చెక్కు గడువులు వదిలేయకండి. చెక్కు తిరిగొచ్చినట్టు బ్యాంకు చెప్పిన 30 రోజుల్లోపు లీగల్ నోటీసు పంపాలి. అది అందిన 15 రోజుల్లో డబ్బు రాకపోతే, ఆ తర్వాత నెలలోపు కేసు వేయాలి. ‘మాట్లాడుకుంటున్నాం కదా’ అని ఈ తేదీలు దాటబెట్టుకుంటే చేతిలో ఉన్న పట్టు పోతుంది. కేసు వేశాకైనా రాజీ పడొచ్చు.

ఇక మెమో, అంటే రాజీ షరతులు రాసుకునే కాగితం. ‘ప్రతివాది త్వరలో చెల్లించును’ అని రాసుకుంటే, రేపు ఈపీ (రాజీని అమలు చేయించమని కోర్టులో వేసే పిటిషన్) వేసినప్పుడు ఏ తేదీన ఎగ్గొట్టాడో చూపలేరు. ఇలా ఉండాలి: ‘రూ. 2,40,000లను నెలకు రూ. 30,000 చొప్పున ఎనిమిది వాయిదాల్లో, ప్రతి నెలా 10వ తేదీలోగా ఫలానా ఖాతాలో జమచేయును. ఏ వాయిదా తప్పినా మిగతా మొత్తమంతా ఒకేసారి, ఏడాదికి 12 శాతం వడ్డీతో చెల్లించును.’ మొదటి వాయిదా ఏ నెలదో కూడా వేయించండి. ‘ఏ వాయిదా తప్పినా’ అన్న వాక్యం లేదంటే తప్పిన ప్రతి వాయిదాకూ ఓ ఈపీ వేస్తూ తిరగాలి. ఒరిజినల్ చెక్కు ఆఖరి వాయిదా జమయ్యాకే వెనక్కిస్తామని రాయండి. హడావిడిలో చాలామంది మరిచిపోయేది ఇదే.

సంతకానికి ముందు తెలుగులో చదివించుకోండి. 1987 న్యాయసేవాధికార సంస్థల చట్టం 21వ సెక్షన్ ప్రకారం అవార్డు, అంటే రాజీపై లోక్ అదాలత్ ఇచ్చే ఉత్తర్వు, సివిల్ కోర్టు డిక్రీతో (తీర్పుతో) సమానం, అప్పీలు లేదు. మోసం లాంటిది జరిగితే హైకోర్టులో రిట్ ఒక్కటే దారి. చెక్కు కేసు క్రిమినల్ కదా, డిక్రీ ఎలా అవుతుందని కొందరు వాదిస్తారు. అవుతుందని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చేసింది.

కరెంటు, బీమా, ఆసుపత్రి సేవల తగాదాలకు పర్మనెంట్ లోక్ అదాలత్ ఉంది, రూ. కోటి వరకు. పేరు ఒకటే గానీ తీరు వేరు: రాజీ కుదరకపోతే అదే తీర్పిస్తుంది. అప్పటికే కోర్టులో కేసు నడుస్తుంటే మాత్రం అక్కడికి వెళ్లలేరు.

అవార్డు కాపీ ఇద్దరికీ ఉచితం. తీసుకోగానే అంకెలు, తేదీలు, ఖాతా నంబరు మెమోతో సరిచూసుకోండి.