ఆ తాతయ్య మనింట్లో లేడు: బ్రిటిష్ గ్లామ్ రాక్, మన పిల్లలు

డిసెంబరు వచ్చిందంటే బ్రిటన్‌లో ఏ సూపర్‌మార్కెట్‌లోకి అడుగుపెట్టినా 1970ల గ్లామ్ రాక్ (తళుకు బట్టలు, మొహానికి రంగులతో పాడే రాక్ సంగీతం) బృందం స్లేడ్ పాట మోగుతుంటుంది. చివర్లో నాడీ హోల్డర్ అనే గాయకుడు క్రిస్మస్ వచ్చేసిందహో అని గొంతు చించుకుని అరుస్తాడు. స్కూల్ డిస్కోలో పిల్లలంతా ఆ కేక కోసమే కాచుకుని ఉండి ఒక్కసారిగా అందుకుంటారు. ఇక్కడి మన తెలుగు పిల్లలు మాత్రం అర క్షణం ఆలస్యంగా అందుకుంటారు. మిగతా వాళ్లకు ఆ పాట ఇంట్లో తాత దగ్గర్నుంచి వచ్చింది మరి. ఆ పాట వచ్చిన 1973లో పదమూడేళ్లున్న కుర్రాడు ఇప్పుడు అరవై దాటిన తాతయ్య. అదే ఏడాది మన పిల్లల తాతయ్య రేడియోలో ఘంటసాల వింటున్నాడు. ఆ తాత చేయాల్సిన పని ఇక్కడ అమ్మానాన్నల మీద పడింది. భయపడాల్సినంత పనేం కాదు, నాలుగు శనివారాలు చాలు.

మొదలు క్రిస్మస్ పాటతో కాదు, టీ రెక్స్ బృందంతో పెట్టాలి. దాని గాయకుడు మార్క్ బోలన్ అంతకు ముందు టిరానోసారస్ రెక్స్ అన్న పేరుతో నేల మీద కూర్చుని మెత్తగా పాడుకునేవాడు. 1970లో పేరు కురచ చేసి, ఎలక్ట్రిక్ గిటార్ పట్టాడు. 1971 మార్చిలో ‘హాట్ లవ్’ బ్రిటిష్ పాటల చార్టులో ఆరు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. ఆ పాటకు బీబీసీ టీవీ పాటల కార్యక్రమం ‘టాప్ ఆఫ్ ది పాప్స్’లో కళ్ల కింద తళుకులు అద్దుకుని కనిపించాడు. గ్లామ్ అక్కడే పుట్టిందని ఎక్కువమంది అంటారు. బీబీసీ వన్‌కు రంగులు వచ్చింది 1969 నవంబరులోనే అన్న సంగతి పిల్లలకు తప్పకుండా చెప్పాలి. తళుకు బట్టలకు అర్థం రంగుల టీవీలోనే ఉంది. ఆ ఒక్క ముక్క తెలిస్తే ‘ఇదేం వేషం’ అన్న ప్రశ్న సగం తీరిపోతుంది. టీ రెక్స్‌కు మొత్తం నాలుగు నంబర్ వన్‌లు. 1972 మేలో ‘మెటల్ గురు’ ఆఖరిది.

తర్వాత స్లేడ్. వుల్వర్‌హాంప్టన్, వాల్సాల్ వైపు కుర్రాళ్లు. నంబర్ వన్‌లు ఆరు. వాటిలో మూడు 1973లో చార్టులోకి రావడమే మొదటి స్థానంలోకి వచ్చాయి. ఇక్కడ పిల్లల్ని స్పెల్లింగ్ పరీక్షలకు తయారుచేసే తల్లిదండ్రులకు ఒక ఇబ్బంది ఉంది. ‘కజ్ ఐ లవ్ యూ’ దగ్గర్నుంచి చాలా పాటల పేర్లు తప్పు స్పెల్లింగులతోనే ఉంటాయి. అప్పట్లో ఇంగ్లీషు టీచర్లు కూడా విసుక్కున్నారు. అది అజ్ఞానం కాదు, తమ బ్లాక్ కంట్రీ (వాళ్ల ప్రాంతానికి ఉన్న పేరు) యాసను యాసలాగే అచ్చేయడం. ‘ఏడికి పోతున్నవ్‌రా’ అని రాస్తే ఎవరూ అక్షరదోషం అనరు కదా, అంతే. పిల్లల చేత ఒక పేరును సరైన స్పెల్లింగులో రాయించి, పక్కనే అమ్మమ్మ మాటొకటి ఆమె పలికినట్టే తెలుగులో రాయించండి. యాస అంటే ఏమిటో పది నిమిషాల్లో బోధపడుతుంది. అన్నట్టు, ‘కజ్ ఐ లవ్ యూ’లో ఆ బృందంలోని జిమ్ లీ వాయించింది ఎలక్ట్రిక్ వయొలిన్. కర్ణాటక వయొలిన్ నేర్చుకుంటున్న పిల్లలుంటే ముందు ఆ పాటే వినిపించండి.

కర్ణాటక సంగీతం నేర్చుకునే పిల్లలు తడబడే చోటు ఒకటుంది. టీ రెక్స్ పాట ‘గెట్ ఇట్ ఆన్’ పెట్టి చప్పట్లు కొట్టమంటే తాళం అలవాటున్న చెయ్యి ఒకటో లెక్క మీద పడుతుంది. ఈ పాటల్లో చాలావాటికి డ్రమ్ గట్టిగా పడేది ప్రతి నాలుగు లెక్కల్లో రెండు, నాలుగు మీద. డిస్కోలో మన పిల్లలొక్కరే ఎదురుగా కొడుతున్నట్టు కనిపించడానికి కారణం ఇదే. ‘నీకు లయ లేదు’ అని మాత్రం అనకండి. ఆది తాళం వెయ్యమనండి. ఎనిమిది లెక్కల్లో దెబ్బలు ఒకటి, ఐదు, ఏడు మీద పడతాయి. ఆరు, ఎనిమిది విసుర్లు. పాటలో నాలుగేసి లెక్కల బార్లు రెండు కలిస్తే ఒక ఆవర్తనం. ఇప్పుడు చేత్తో తాళం మామూలుగా వేస్తూ, రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది మీద కాలితో నేల తట్టమనండి. అంటే చిటికెన వేలు, మధ్యవేలు, రెండు విసుర్లు వచ్చినప్పుడు కాలు పడాలి. మొదట చెయ్యీ కాలూ కొట్లాడుకుంటాయి. పాట పెట్టకుండా నెమ్మదిగా ఐదు ఆవర్తనాలు అయ్యాక పాట పెట్టండి. ఒకసారి పట్టు చిక్కిందంటే ఈ పిల్లలే మిగతావాళ్లకు నేర్పగలరు.

స్కూల్లో ‘సెవెంటీస్ డే’ అని చీటీ వచ్చిన రోజు వేషం సంగతి. అందరూ ఎంచుకునేది గ్లామ్ గాయకుడు డేవిడ్ బౌయీ 1973 ఆల్బమ్ ‘అలాడిన్ సేన్’ అట్ట మీది మెరుపు. నడుమ ఎరుపు, అంచున నీలం. అది ఆయన కుడి కంటి మీదుగా దిగుతుంది. ఫోటోలో మనకు ఎడమ వైపు కనబడుతుంది కాబట్టి, ఫోటోను చూసి అద్దంలో గీసుకునే పిల్లలు ఎడమ కంటి మీద గీసుకుంటారు. మీరు ఎదురుగా కూర్చుని గీస్తే ఈ తికమక ఉండదు. ముందు నీలం అంచు సన్నగా గీసి, ఆరనిచ్చి, తర్వాత ఎరుపు నింపండి. తడి మీద తడి వేస్తే ఊదా రంగు ముద్ద మిగులుతుంది. చేతిపనులకు వాడే తళుకుపొడి మొహానికి వద్దు, దాని అంచులు కంటిని గీరతాయి. మొహానికని అమ్మేదే తెచ్చి, అదీ చెంప ఎముక మీదికే పరిమితం చేయండి. తీసేటప్పుడు నీళ్లతో మొదలుపెడితే మొహమంతా పాకుతుంది. దూదికి కొబ్బరి నూనె అద్ది తుడిచి, ఆ తర్వాత సబ్బు. ఎత్తు బూట్లు కొననక్కర్లేదు. రబ్బరు బూట్లకు వెండి రేకు చుట్టండి, అడుగు భాగం వదిలేయండి. అడుక్కి కూడా చుడితే హాలు నేల మీద జారి పడతారు.

మగపిల్లాడు లిప్‌స్టిక్ వేసుకోవడమేమిటని ఇంట్లో పెద్దలు అడిగితే జవాబు కోసం లండన్ వెళ్లక్కర్లేదు. కూచిపూడిలో సత్యభామగా వేదాంతం సత్యనారాయణ శర్మ గారు జడ పట్టుకుని వేదిక మీదికి వస్తే జనం కళ్లార్పకుండా చూశారు. ఆ వీడియో పక్కన 1972 జులైలో బౌయీ టీవీలో పాడిన ‘స్టార్‌మన్’ వీడియో పెట్టి చూపించండి. రెండూ ఒకటని చెప్పొద్దు, ఒకటి గురువు దగ్గర నేర్చిన సంప్రదాయం, ఇంకొకటి తెగింపు. ఆ తేడా పిల్లలే పట్టుకుంటారు.

గ్యారీ గ్లిట్టర్ అనే గ్లామ్ గాయకుడి విషయంలో మాత్రం మొహమాటం వద్దు. 1970లలో ఆయనకూ మూడు నంబర్ వన్‌లున్నాయి. పిల్లలపై నేరాలకు సంబంధించి 1999లోనూ, 2015లోనూ బ్రిటిష్ కోర్టులు శిక్షించాయి. తయారుగా దొరికే గ్లామ్ ప్లేలిస్టుల్లో ఆ పేరు దూరుతుంది. ముందే చూసి తీసేయండి. పదేళ్లు దాటిన పిల్లలు ఎందుకు తీశావని అడిగితే ఉన్నది ఉన్నట్టు రెండు వాక్యాల్లో చెప్పడమే మేలు.

క్వీన్ బృందం గ్లామేనా అని వాదించేవాళ్లున్నారు. 1974లో ‘కిల్లర్ క్వీన్’ రెండో స్థానానికి ఎక్కిన నాటి వాళ్ల దుస్తులు చూస్తే నా మటుకు సందేహం లేదు. వాళ్ల గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ అసలు పేరు ఫర్రోఖ్ బుల్సారా, జాంజిబార్‌లో పుట్టిన పార్సీ. తెల్లవాళ్ల కోసం పేరు మార్చుకున్నాడని వాట్సాప్‌లో తిరిగే కథ అంత సూటిగా లేదు. ఫ్రెడ్డీ అన్న పిలుపు మహారాష్ట్రలోని పంచగనిలో చదువుకునేటప్పుడే వచ్చింది. మెర్క్యురీ మాత్రం ఇక్కడ పెట్టుకున్నదే. స్కూల్లో తన పేరు కురచ చేసుకోవాలా అని తర్జనభర్జన పడే పిల్లలకు ఈ వివరం అవసరం. 1964లో వాళ్ల కుటుంబం దిగిన ఫెల్తమ్ హీత్రూ పక్కనే. గ్లాడ్‌స్టోన్ అవెన్యూలో ఆ ఇంటికి 2016లో నీలి ఫలకం (ప్రముఖులు నివసించిన ఇళ్లకు పెట్టే గుర్తు) పెట్టారు. ఊరి నుంచి వచ్చేవాళ్ల విమానం ఆలస్యమైతే చూసి రావచ్చు, అయితే ఎవరో ఉండే ఇల్లది, కాలిబాట మీదే ఆగాలి.

ఇవన్నీ విన్నాక ఒక చార్టు పేపరు మీద రెండు వరసలు గీయించండి, ఒకటి బ్రిటన్‌ది, ఒకటి మనది. 1971: సంక్రాంతికి అక్కడ ‘దసరా బుల్లోడు’, మార్చికి ఇక్కడ ‘హాట్ లవ్’. 1973: అక్కడ జై ఆంధ్ర ఉద్యమం, రాష్ట్రపతి పాలన, ఇక్కడ వరసగా స్లేడ్. 1974 ఫిబ్రవరి 11: మద్రాసులో ఘంటసాల కన్నుమూశారు, ఆ రోజు ఇక్కడ మొదటి స్థానంలో మడ్ అనే బృందం వాళ్ల ‘టైగర్ ఫీట్’, బెల్టులో బొటనవేళ్లు దోపుకుని ఆడే పాట. ఆ రోజు మీరెక్కడున్నారని తాతయ్యను పిల్లల చేతే అడిగించండి. చలికాలంలో ఇక్కడ శనివారం ఉదయం పదిన్నరంటే అక్కడ సాయంత్రం నాలుగు, కునుకు తీసి లేచి కాఫీ తాగే వేళ.