గుట్టమీద ఒక రాత్రి, నేనూ నా కెమెరా

ఒంటరిగా అడవిలో బతుకుతూ దాన్ని తామే వీడియో తీసుకునే టీవీ షోలంటే నాకు ప్రాణం. ఒక్క రాత్రైనా అలా గడపాలని ఎప్పటి నుంచో కోరిక. బెంగళూరు చుట్టుపక్కల అది అంత తేలిక కాదు. బన్నేరుఘట్ట, బండీపూర్ లాంటి చోట్ల అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. ఏనుగులు తిరిగే చోట ఆ కట్టడి ఉండాల్సిందే.

అందుకే కోలారు జిల్లా శ్రీనివాసపుర దగ్గర మా చిన్నాయన మామిడితోటను ఆనుకుని ఉన్న గుట్టను ఎంచుకున్నాను. అది ఆయన పట్టా భూమే. డిసెంబరులో ఒక శనివారం కె.ఆర్.పురంలో బస్సెక్కి, హొసకోటె, కోలారు మీదుగా మధ్యాహ్నానికి చేరాను.

చిన్నాయన నా సంచి ఎత్తి చూసి, "ఏం రా, తిండి లేదంటివి, ఇంత బరువేముంది?" అన్నాడు. ట్రైపాడ్, కెమెరాలు, బ్యాటరీలు. మిగతావి నీళ్లసీసా, కత్తి, అగ్గిపెట్టె, చిన్న గిన్నె, దుప్పటి, అంతే. ఫోన్ ఆన్‌లోనే ఉంచుతానని, పొద్దున దిగకపోతే వెతుక్కుంటూ రమ్మని చెప్పి ఎక్కడం మొదలుపెట్టాను.

అసలు కష్టం అక్కడే తెలిసింది. నున్నటి బండ ఒకటి ఎక్కాలి. నేను ఎక్కడం కనపడాలంటే ముందు పైకెక్కి కెమెరా పెట్టాలి, కిందికి దిగాలి, మళ్లీ ఎక్కాలి. బండ దాటి దూరంగా నడిచిపోయే షాట్ కావాలంటే, పోయినంత దూరమూ కెమెరా కోసం వెనక్కి రావాలి. గొంతు ఆరిపోతోంది. సాయంత్రానికి సీసాలో నీళ్లు సగానికి పడిపోయాయి. కెనడాకు చెందిన లెస్ స్ట్రౌడ్ 'సర్వైవర్‌మ్యాన్' కోసం పక్కన కెమెరామెన్ లేకుండా, ఏడేసి రోజులు ఇలాగే తీసేవాడు. కడుపులో ఏమీ లేని మనిషి ఒక్క షాట్ కోసం అదే దారిని మళ్లీ మళ్లీ నడవడం ఎంత పనో నా మోకాళ్లకు ఆ రోజు అర్థమైంది. 2020లో రజనీకాంత్ బండీపూర్‌లో టీవీ సాహసికుడు బేర్ గ్రిల్స్‌తో ఒక షో కోసం తిరిగినప్పుడు వీడియో తీసేవాళ్లు వేరే ఉన్నారు. అదీ బాగానే ఉంటుంది, కానీ ఆ శ్రమ వేరు, ఈ శ్రమ వేరు.

చీకటి పడేలోపు ఒక బండరాయి చాటున ఎండుగడ్డి పరిచి పడక వేసుకున్నాను. చుట్టూ చెత్త లేని ఒట్టి బండమీద చిన్న మంట పెట్టి, బండలో నీళ్లు నిలిచిన దొనలో ముంచి తెచ్చిన నీళ్లు బాగా మరిగించుకున్నాను. చలికి బ్యాటరీలు తొందరగా దిగిపోతాయి కాబట్టి చొక్కా లోపల పెట్టుకున్నాను. మంచుకు లెన్స్ మీద తేమ పడుతుంటే తువ్వాలుతో తుడుస్తూనే ఉన్నాను.

నడిరాత్రి నక్కల ఊళ మొదలైంది. ఆ తరువాత దగ్గర్లో ఎండాకులమీద ఏదో కదిలిన చప్పుడు. టెన్షన్‌తో చెయ్యి వణికింది. కెమెరా ఆన్ చేసి, "ఎడమవైపు చప్పుడు వినిపిస్తోంది, ఆగి ఆగి కదులుతోంది" అని మెల్లగా చెప్పడం మొదలుపెట్టాను. విన్నది విన్నట్టు పైకి చెబుతుంటే భయం తగ్గింది. 2015లో మొదలైన 'అలోన్' షో తొలి సీజన్ విజేత అలన్ కే వాంకూవర్ దీవిలో 56 రోజులు ఉన్నాడు. ఆ షోలో ఒంటరిగా ఉండేవాళ్లు కెమెరాతో గంటలకొద్దీ ఎందుకు మాట్లాడతారో నాకు అప్పుడు తెలిసింది. అది ప్రేక్షకుల కోసమే కాదు, తమ బుర్ర చెదరకుండా ఉండడానికి కూడా.

తెల్లవారాక గుట్ట వాలున రేగుచెట్టు కనిపించింది. పండ్లు చిన్నవి, పుల్లగా ఉన్నాయి. గుప్పెడు తినేసరికి ప్రాణం లేచొచ్చింది. నా మొహం మీద ఆకలి అంత స్పష్టంగా కనిపించిన వీడియో ఇంకొకటి లేదు.

కిందికి దిగాక చిన్నాయన రాగిసంగటి పెట్టి, నా ఫోన్లో వీడియోలు చూశాడు. నేను గుట్ట అంచు దాకా నడిచిపోయే షాట్ దగ్గర ఆపి, "ఇది ఎవరు తీసిరి?" అన్నాడు. కెమెరా అక్కడ పెట్టి నడిచానని చెప్పాను.

"అయితే అంత దూరం మళ్లా వెనక్కొచ్చినావా?"

వచ్చానన్నాను. ఆ షాట్ మొదటి నుంచీ పెట్టమని, ఈసారి ఫోన్ కళ్లకు దగ్గరగా పట్టుకుని చూశాడు.