చెయ్యి మత్తులో నొప్పి ఎక్కడ మిగిలిపోతుంది: నా అనుభవం

కొబ్బరి దింపులో చెట్టు మీంచి పడి ముంజేయి విరిగినవాళ్లు, నూర్పిడి మిషన్లో వేళ్లు నలిగినవాళ్లు, రొయ్యల చెరువు ఏరేటర్‌కి చెయ్యి చిక్కినవాళ్లు. కోనసీమలో మత్తు డాక్టరుకి చెయ్యి కేసులంటే చాలావరకు ఇవే. భోంచేసి వచ్చారు కదా, చెయ్యికే మత్తిస్తే సరిపోతుందిలే అనుకోవడం ప్రమాదం. బ్లాక్ (నరాల పక్కన మందు వేసి చెయ్యిని మాత్రమే మొద్దుబార్చడం) సగమే పడితే పూర్తి మత్తుకి వెళ్లాల్సిందే, అప్పుడు కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఆగగలిగిన కేసైతే 6 గంటలు ఆగుతాను.

మోచెయ్యి, దాని కింది ఆపరేషన్లకు కాలర్ ఎముక పైనుంచే ఇస్తాను. నరాలన్నీ అక్కడ ఒకే కట్టగా దొరుకుతాయి. పక్కనే ఊపిరితిత్తి పొర ఉంటుంది కాబట్టి అల్ట్రాసౌండ్‌లో సూది మొన కనబడకుండా ముందుకు తొయ్యను.

తరచుగా తప్పిపోయేది చిటికెన వేలి వైపు. ఆ నరం పోగులు అడుగున, మొదటి పక్కటెముకకీ ధమనికీ మధ్య మూలలో ఉంటాయి. పైన పోసిన మందు అంత దూరం దిగదు. అందుకే సగం మందు ముందు ఆ మూలలో వేసి, సూది వెనక్కి లాగి మిగతాది పైనున్న నరాల గుత్తిలో వేస్తాను.

50 కిలోల మనిషికి బ్యుపివకైన్ (నరాన్ని మొద్దుబార్చే మందు) గరిష్ఠం 100 మి.గ్రా., అంటే 0.5 శాతం మందు 20 మి.లీ. బ్లాక్‌కి 16 వాడి, మిగిలిన 4 మి.లీ.కి అంతే సెలైన్ కలిపి, మొత్తం 8 మి.లీ. పక్కన పెట్టుకుంటాను. ప్రతి 5 మి.లీ.కీ ముందు సిరంజి పిస్టన్ వెనక్కి లాగి రక్తం వస్తోందేమో చూడాలి, రోగితో మాట్లాడుతూ ఉండాలి. పెదాలు తిమ్మిరెక్కినా, చెవుల్లో హోరు వచ్చినా ఆపెయ్యడమే. మందు రక్తంలో కలిసి విషమైతే విరుగుడుగా ఎక్కించే 20 శాతం లిపిడ్ ఎమల్షన్ (కొవ్వు ద్రవం) ఆ గదిలోనే ఉండాలి, స్టోర్‌లో కాదు. మొదటి మోతాదు కిలోకి 1.5 మి.లీ.

తర్వాత 20–30 నిమిషాలు ఆగాలి. సర్జన్ గారు గ్లవ్స్ వేసుకుని నిలబడ్డా సరే. "ఆయ్, ముట్టుకుంటే తెలుస్తోందండి" అంటే బ్లాక్ పోయినట్టు కాదు. స్పర్శ, ఒత్తిడి కొంత మిగలొచ్చని ముందే చెప్పాలి. స్పిరిట్ దూది చల్లగా ఉందా అని నాలుగు నరాల చోటా అడిగి, కోత పెట్టేచోట ఫోర్సెప్స్‌తో గిల్లి చూస్తాను. ఒక్క నరమే మిగిలితే, దాచిన మందులో 4 మి.లీ. మోచెయ్యి దగ్గర ఆ నరం పక్కన. ఇక్కడ మిడజోలం (మగత మందు) పెంచుకుంటూ పోవడం తప్పు. నొప్పి తగ్గదు, మనిషి అదుపు తప్పుతాడు.

టోర్నికే (రక్తం ఆపడానికి పై చేతికి బిగించి గాలి నింపే పట్టీ) సంగతి వేరు. చంక దగ్గర లోపలి వైపు చర్మానికి వచ్చే నరం ఈ కట్టలోది కాదు. మిగతా 4 మి.లీ. ఆ చర్మం కింద అడ్డంగా పరుస్తాను. అయినా 45–60 నిమిషాలకి బరువైన సలుపు మొదలవచ్చు. బలమైన నొప్పి మందు ఫెంటనిల్ 50 మైక్రోగ్రాములు కాస్త ఆపుతుందిగానీ, గాలి తీస్తేనే పూర్తిగా పోతుంది. 2 గంటలు దాటనివ్వం.

బ్లాక్ సాధారణంగా అర్ధరాత్రి దిగుతుంది, నొప్పి ఒక్కసారిగా ఎగదన్నుతుంది. వేళ్లలో చీమలు పాకినట్టు మొదలవగానే, నొప్పి కోసం చూడకుండా, పారాసిటమాల్ 1 గ్రాము వెయ్యమని నర్సుకి రాసిపెడతాను.