మింగాక అరనిమిషం ఆగాలి

కాలిఫోర్నియాలో సొనోమా కౌంటీ అంటే వైన్‌కు పెట్టింది పేరు. వైన్ తీసేసిన ఓక్ బ్యారెల్స్ ఇక్కడ సులువుగా దొరుకుతాయి కాబట్టి వాటిలో పుల్లటి బీరు మగ్గబెట్టే బ్రూవరీలూ ఉన్నాయి. ఫుడ్ సైన్స్‌లో మాస్టర్స్ అయ్యాక, వీసా టెన్షన్‌తో ఉద్యోగాల వేటలో ఉన్నప్పుడు అలాంటి ఒక చిన్న బ్రూవరీ క్వాలిటీ ల్యాబ్‌లో నాకు చోటు దొరికింది. పొద్దున బ్యారెల్స్ గదిలో శాంపిల్స్ తీయడం, పులుపును కొలిచే పీహెచ్ చూడడం, మైక్రోస్కోప్ దగ్గర కూర్చోవడం నా పని. మధ్యాహ్నం భోజనానికి ముందు, నాలుక ఇంకా శుభ్రంగా ఉన్నప్పుడే, టేస్టింగ్ ప్యానెల్. ఈ ఉద్యోగంలో నాకు ప్రాణం ఆ ప్యానెలే.

మామూలు ఏల్ రకం బీరు కొద్ది వారాల్లో తయారై బయటికి వెళ్ళిపోతుంది. మేం మగ్గబెట్టే ఈ పుల్లటి బీరు, అంటే వైల్డ్ ఏల్ మాత్రం 225 లీటర్ల బ్యారెల్‌లో ఏడాది నుంచి మూడేళ్ళ దాకా ఉంటుంది. లాక్టోబాసిల్లస్, పీడియోకాకస్ అనే బ్యాక్టీరియాలు పులుపు తెస్తాయి. బ్రెటనోమైసిస్ అనే ఈస్ట్ తాపీగా పనిచేస్తూ మామూలు ఈస్ట్ ముట్టని చక్కెరల్ని కూడా తినేస్తుంది. 1904లో డెన్మార్క్ బ్రూవరీ కార్ల్స్‌బర్గ్‌లో పనిచేస్తున్న క్లాసెన్, పాత ఇంగ్లీషు బీర్లకు ఆ ప్రత్యేకమైన వాసన ఇచ్చేది ఈ ఈస్టేనని లోకానికి చెప్పాడు. మేం దాన్ని ముద్దుగా బ్రెట్ అంటాం. మధ్యలో ఒక దశలో పీడియోకాకస్ వల్ల బీరు జిగురెక్కుతుంది. గ్లాసులోకి వంచితే నూనెలా సాగుతుంది, వెన్న వాసన కొడుతుంది. కొత్తగా చేరినవాళ్ళు అది చూసి పాడైపోయిందని కంగారుపడతారు. కొన్ని నెలలు ముట్టుకోకుండా వదిలేస్తే ఆ జిగురునూ ఆ వెన్ననూ బ్రెట్టే సర్దేస్తుంది.

శాంపిల్ తీయడం చూడముచ్చటగా ఉంటుంది. బ్యారెల్ ముందు పలకకు సన్నటి రంధ్రం చేసి స్టెయిన్‌లెస్ స్టీల్ మేకు బిగించి ఉంచుతాం. పట్టకారుతో మేకు లాగగానే సన్నటి ధార ఒకటి గ్లాసులోకి దూకుతుంది. రెండు గుక్కలంత రాగానే మేకు మళ్ళీ దిగ్గొట్టి, అక్కడ శానిటైజర్ చల్లి తుడిచేయాలి. ఇదే కౌంటీలోని శాంటా రోసాలో రష్యన్ రివర్ బ్రూయింగ్ నడిపే విన్నీ సిలుర్జో ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. పైనున్న బిరడా తీస్తే ఏం పోతుందంటే, బీరు మీద కట్టిన పలుచటి పొర చెదిరిపోతుంది. లోపలికి గాలి వెళుతుంది. గాలి దొరికితే అసిటోబాక్టర్ అనే బ్యాక్టీరియా విజృంభించి బీరును వెనిగర్ చేసేస్తుంది.

ప్యానెల్‌లో గ్లాసుల మీద మూడంకెల కోడ్ తప్ప మరేమీ ఉండదు. ఏ బ్యారెల్‌దో, ఎవరు చేసిందో తెలియదు. అందరూ రాసి కాగితాలు బోర్లించాకే నోరు తెరవాలి. ఇది ఎవరు పెట్టిన నియమమో గానీ, వాళ్ళకు నేను రుణపడి ఉన్నాను. పరాయి దేశంలో కొత్తగా చేరినవాళ్ళు మీటింగుల్లో మాట కలపడానికి సందు కోసం ఎదురుచూస్తూనే ఉంటారు. సందు దొరికేసరికి విషయం దాటిపోతుంది. ఇక్కడ నా కాగితం, హెడ్ బ్రూవర్ కాగితం పక్కపక్కనే బల్ల మీదికి వస్తాయి. నా యాసను ఎవరూ వినకముందే నా తీర్పు అక్కడ ఉంటుంది.

బీరు పోటీల్లో వాడే బీజేసీపీ (బీర్ జడ్జ్ సర్టిఫికేషన్ ప్రోగ్రామ్) పద్ధతిలో మొత్తం 50 మార్కులు. వాసనకు 12, రూపానికి 3, రుచికి 20, నోట్లో తగిలే తీరుకు 5, మొత్తం మీద కలిగిన అభిప్రాయానికి 10. సోర్ బీర్ల, అంటే పుల్లటి బీర్ల నురుగు చాలాసార్లు త్వరగా పడిపోతుంది కాబట్టి రూపం దగ్గర నేను ఎక్కువసేపు ఆగను. వాసన దగ్గరే అసలు పని. పచ్చి ఆపిల్, అనాస, ఎండుగడ్డి, గుర్రాలశాల, పాత తోలు, కాస్త పొగ, ఇవన్నీ బ్రెట్ ఇవ్వగలదు. గుర్రాలశాల వాసన ఒక మోతాదులో లోతు తెస్తుంది, మోతాదు దాటితే మందుపట్టీ వాసనై బీరును మింగేస్తుంది. నెయిల్ పాలిష్ రిమూవర్ వాసన గుప్పుమంటే ఈథైల్ అసిటేట్ హద్దు దాటిందని అర్థం. వాంతి వాసన వస్తే బ్యూటిరిక్ ఆమ్లం, దానికి నేను క్షమాపణ ఇవ్వను.

రుచిలో లాక్టిక్ పులుపు, అంటే పెరుగు పులుపు, నాలుక మీద గుండ్రంగా పరుచుకుంటుంది. అసిటిక్ పులుపు, అంటే వెనిగర్ పులుపు, గొంతులో గీరుతుంది. కొద్దిగా ఉంటే చురుకు, ఎక్కువైతే రెండో గుక్క తాగబుద్ధి కాదు.

మింగాక అరనిమిషం ఆగమని కొత్తవాళ్ళకు పదేపదే చెబుతాను. టీహెచ్‌పీ అని పిలిచే ఒక దోషం ఉంది. పుల్లటి బీరులో అది దాదాపు వాసనే ఇవ్వదు. మింగాక లాలాజలం పులుపును తగ్గించేసరికి అప్పుడు బయటపడుతుంది. ముందు క్రాకర్ బిస్కెట్‌లా, ఆ తర్వాత ఎలుకల బోనులా. అందుకే వైల్డ్ ఏల్ రోజున మా బల్ల మీద క్రాకర్లు పెట్టరు, నీళ్ళే. లాలాజలం తీరు మనిషికో రకం. కొందరికి ఈ దోషం బొత్తిగా తెలియదు, అందులో గొప్ప బ్రూవర్లూ ఉంటారు. నాకు మాత్రం బాగా పట్టుబడుతుంది. అనుమానం వస్తే రెండు చుక్కలు ముంజేతి చర్మం మీద రుద్ది వాసన చూస్తాను. చర్మం మీద పులుపు తగ్గి, దాక్కున్న వాసన పైకి వస్తుంది. వైన్ వాళ్ళు ఎప్పటినుంచో చేస్తున్నదే.

మొన్న ఒక బ్యారెల్ మీద అందరూ మంచి మార్కులు వేశారు, నా కాగితంలో మాత్రం ఎలుక అని ఉంది. హెడ్ బ్రూవర్ వాదించలేదు. ఆ గ్లాసు మళ్ళీ తెప్పించి, అందరి చేతుల మీదా రుద్దించాడు. ఆ బ్యారెల్‌ను మిగతావాటితో కలపలేదు, పారబోయలేదు కూడా. కొన్ని నెలలకు టీహెచ్‌పీ తగ్గిపోవడం మామూలే కాబట్టి, ఎండాకాలం పోయాక మళ్ళీ చూద్దామని పక్కన పెట్టాం. పనికొస్తుంది, పనికిరాదు అనే రెండు మాటలతో ఈ బీరుకు న్యాయం జరగదు. ఇంకా కాలేదు అనే తీర్పు కూడా ధైర్యంగా ఇవ్వగలగాలి. రెండేళ్ళుగా స్థలం ఆక్రమించుకుని పైసా తేని బ్యారెల్ విషయంలో ఆ మాట అనడం తేలికేమీ కాదు.

పోటీల తీర్పుల్లో నాకు నచ్చనిది ఒకటుంది. వరసగా సోర్లు రుచి చూస్తుంటే నాలుక మొద్దుబారుతుంది. అప్పుడు గట్టిగా పులిసినదే గొప్పగా తోస్తుంది. పీహెచ్ అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. 3.1 ఉన్నది 3.5 ఉన్నదాని నోరు నొక్కేస్తుంది, నెమ్మదైనది వెనకబడుతుంది. పులుపు ఎంతుంది అనేది మీటర్ చెబుతుంది, దానికి జడ్జి అక్కర్లేదు. చెక్క, బ్రెట్, మాల్ట్, పులుపు ఒకదాన్నొకటి తొక్కకుండా ఉన్నాయా అన్నది చూడాలి. అందుకని జడ్జిగా కూర్చున్నప్పుడల్లా, మార్కులు ఖాయం చేసేముందు పది నిమిషాలు విరామం అడుగుతాను. నీళ్ళు తాగి, అన్నిటికంటే మెత్తగా ఉన్న గ్లాసు దగ్గరికి మళ్ళీ వెళ్దామంటాను. ఈపాటికి అది కాస్త వెచ్చబడి, చల్లగా ఉన్నప్పుడు దాచుకున్న వాసనలన్నీ విప్పి ఉంటుంది. చాలాసార్లు ఆ గ్లాసు మార్కులు మారతాయి.