బుట్ట నిండితే సంబరపడొద్దు

మా చండూరు దిక్కు చాలామంది పత్తి రైతులు లింగాకర్షక బుట్ట (ఆడ పురుగు వాసన ఉన్న ఎర పెట్టి, కింద సంచి తగిలించినది) కడితే పత్తికాయను తొలిచే గులాబీ పురుగు చచ్చిపోతుందనే అనుకుంటారు. "బుట్టలు కట్టినం గదనే, ఇంక మందెందుకు?" అని మా చిన్నాయన కూడా అడిగాడు. ఆయనకు చెప్పిందే ఇక్కడా రాస్తున్నా.

బుట్టలో పడేవన్నీ మగవే. గులాబీ పురుగులో ఆడ రెక్కల పురుగు రాత్రిపూట పొట్ట చివరి నుంచి ఒక వాసన వదులుతుంది. మగది దాన్ని మీసాలతో పసిగట్టి, గాలికి ఎదురెగిరి దాని దగ్గరికి చేరుతుంది. ఆ వాసన పేరు గాసిప్లూర్, 1973లో దాని గుట్టు తెలిసింది. రెండు పదార్థాలు దాదాపు సగం సగం కలిస్తేనే అది ఈ జాతికి పనికొచ్చే వాసన. మా పక్క చేను వాళ్లకు ఒక దుకాణంలో శనగపచ్చ పురుగు ఎర అంటగట్టారు. సంచి ఖాళీగా ఉంటే చేను బాగుందనుకున్నారు. తీరా చూస్తే గులాబీ పురుగు పట్టి పూలు విచ్చుకోకుండా గుడ్డిపూలయ్యాయి. పాపం, వాళ్ల తప్పేముంది?

ఒక మగది చాలా ఆడవాటితో కలుస్తుంది. కాబట్టి కొన్ని మగవి పట్టుబడ్డంత మాత్రాన గుడ్లు ఆగవు. బుట్ట అసలు పని లెక్క చెప్పడం. పొద్దున్నే సంచి మూతి విప్పి చూస్తాను: బూడిద కలిసిన గోధుమ రంగు, చిటికెన గోరంత కూడా ఉండవు, వెనక రెక్కల అంచున సన్నని కుచ్చు, ముట్టుకుంటే వేలికి పొడి అంటుతుంది. వరుసగా మూడు రాత్రులు బుట్టకు 8 చొప్పున పడితే మందుకు టైమైనట్టే. ఆలస్యం చేస్తే పిల్లపురుగు కాయలోకి దూరుతుంది, అది దూరిన రంధ్రం పూడిపోతుంది, ఆ తర్వాత ఏ మందు కొట్టినా లోపలికి పోదు. పచ్చికాయ పగలగొడితే గింజకు గింజ అతుక్కుని, దూది పసుపెక్కి ఉంటుంది. ఆ కాయను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఎరను మూడు నాలుగు వారాలకోసారి మార్చాలి. బుట్ట పైరు కంటే ఒక అడుగు ఎత్తులో ఉండాలి.

ఇదే వాసనతో ఇంకో పద్ధతి ఉంది. వాసన నింపిన తాళ్లు చేనంతా మొక్కలకు కడితే గాలి నిండా అదే వాసన, మగదానికి ఆడది దొరకదు. అమెరికాలో ఈ పద్ధతితో పాటు బీటీ పత్తి, గొడ్డు చేసిన రెక్కల పురుగులు కూడా వాడి, 2018లో తమ పత్తి చేలల్లో గులాబీ పురుగు లేదని ప్రకటించారు. కానీ ఒక్క చేనులో కడితే లాభం లేదు, పక్క చేనులో జతకట్టిన ఆడది ఎగిరొచ్చి మన మొక్క మీదే గుడ్లు పెడుతుంది. అందుకే చిన్నాయనను మా వాగు ఇవతలి రైతులందరినీ కూర్చోబెట్టమని అడిగాను. ఆయన మాటంటే వాళ్లు వింటారు.