రాయగడ పెళ్లిళ్లు, కొత్త కెమెరా

ప్రవాసం అంటే అందరూ డాలస్ గురించో దుబాయ్ గురించో రాస్తారు. నాది పార్వతీపురంలో రైలెక్కితే గంట అటూ ఇటూ, అంతే. ఒడిశాలోని రాయగడ. బజార్లో తెలుగు బాగానే నడుస్తుంది గానీ స్టూడియో ఓనరు ఒడియా, పెళ్లిళ్లు ఒడియా, నన్ను పిలిచేది 'ఆంధ్రా' అని.

ఐదేళ్లు డీఎస్ఎల్ఆర్‌తో, అంటే లోపల అద్దం ఉన్న కెమెరాతో చేశాక, మేమంతా భాయినా (అన్నయ్య) అని పిలిచే ఆ ఓనరు సెకండ్ హ్యాండ్‌లో సోనీ ఆల్ఫా 7 త్రీ కొని నా చేతిలో పెట్టాడు. 2018 మోడల్. ఏ బటన్‌కి ఏ పని కావాలో మనమే చెప్పుకోవచ్చు, ఎఫ్ఎన్ బటన్ నొక్కితే వచ్చే 12 గళ్లూ మన ఇష్టం. ఇంత స్వేచ్ఛ ఇస్తే ఎవడైనా ఏం చేస్తాడు? యూట్యూబ్‌లో ఎవరో విదేశీ ఫొటోగ్రాఫర్ సెట్టింగులు మక్కీకి మక్కీ దింపేశాను.

మొదటి పెళ్లి. ఫ్లాష్ ట్రిగ్గర్ తగిలించి, ఎం (మాన్యువల్) మోడ్‌లో షట్టర్ 1/160, ఎఫ్8 పెట్టి కన్ను ఆనిస్తే చీకటి. బ్యాండు గేటు దాకా వచ్చేసింది, పెళ్లికొడుకు దిగుతున్నాడు, నాకు చెమటలు. కెమెరా పోయిందనుకుని పాతది తీశాను. అద్దం ఉన్న కెమెరాలో లెన్సులోంచి నేరుగా చూస్తాం. అద్దం లేని దీంట్లో మనం చూసేది చిన్న తెర, పెట్టిన ఎక్స్‌పోజర్‌కి ఫొటో ఎంత చీకటిగా వస్తుందో అంత చీకటిగానే చూపిస్తుంది, నా చవక ట్రిగ్గర్ ఫ్లాష్ వెలిగిస్తుందని దానికేం తెలుసు! లైవ్ వ్యూ డిస్‌ప్లేలో సెట్టింగ్ ఎఫెక్ట్ ఆఫ్ చేస్తే సరిపోయేది. ఆ ముక్క తెలిసేసరికి తెల్లారింది. ఇప్పుడది మై మెనూలో మొదటి వరుస.

ఇంకోసారి మంత్రాల దగ్గర చప్పుడెందుకని సైలెంట్ షట్టర్ వాడితే ఎల్ఈడీ లైట్లకి ఫొటోల నిండా అడ్డచారలు. మన కరెంటు 50 హెర్ట్జ్, చవక లైట్లు సెకనుకి 100 సార్లు మినుకుతాయి, సైలెంట్ షట్టర్ ఫొటోని వరసవరసగా చదివేలోపు ఆ మినుకులే చారలవుతాయి. అప్పట్నుంచి అక్కడ టకటకమన్నా మామూలు షట్టరే, 1/100.

అప్పుడు ఆ విదేశీయుడి సెట్టింగులన్నీ పీకేసి, ఒక పెళ్లి కార్డు వెనకాల ఇక్కడి పెళ్లి వరస రాసుకున్నాను, ఎక్కడ ఏ బటన్ కావాలో. వధూవరుల తలమీద బెండుతో చేసిన తెల్ల ముకుట ఉంటుంది, లైటు పడితే దాని పనితనమంతా తెల్లగా కాలిపోతుంది, కాబట్టి సీ1 బటన్ మీద జీబ్రా గీతలు, అంటే మరీ తెల్లబడే చోట తెర మీద కనిపించే చారలు. ముకుట మీద గీతలు పాకాయంటే ఎక్స్‌పోజర్ తగ్గించాలి. హుళహుళి (ఆడవాళ్లు నాలుక ఆడిస్తూ చేసే మంగళధ్వని) మొదలైందంటే ఆడవాళ్లందరూ ఒక్కసారి ముందుకొస్తారు, ఎవరి చెయ్యో అడ్డొస్తుంది, ఫోకస్ ఆ చేతి మీదకి గెంతుతుంది. అందుకని ఫోకస్‌ని షట్టర్ బటన్ నుంచి తీసేసి వెనకాల ఏఎఫ్ ఆన్ బటన్‌కి మార్చాను. నొక్కి ఉంచితే పెళ్లికూతురి కన్ను వదలదు, చెయ్యి అడ్డొస్తే బొటనవేలు ఎత్తేస్తా, ఉన్నచోటే ఆగుతుంది. అలవాటు కావడానికి రెండు నెలలు పట్టింది, మొదట్లో వేలు నొప్పి కూడా.

మొన్న రాత్రి భోజనాల దగ్గర భాయినా నా కెమెరా లాక్కుని వాళ్ల బావగారిని నాలుగు ఫొటోలు తీశాడు. నాలుగూ మసక.

"ఖరాప్ హెలా కి?" పాడైపోయిందా అని.

బొటనవేలితో నొక్కాలి భాయినా అన్నాను. బొటనవేలు చూసుకున్నాడు, నన్ను చూశాడు, కెమెరా నా మెళ్లో వేసేసి పప్పు వడ్డించుకోడానికి వెళ్లిపోయాడు.