పాత స్టీల్ పిస్టల్: సేఫ్‌లో ఉండాల్సింది వేరు, నడుముకి ఉండాల్సింది వేరు

డాలస్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ళు గన్ కొందామనుకుంటే ముందు అడిగేది గ్లాక్ అనే ప్లాస్టిక్ ఫ్రేమ్ పిస్టల్ గురించే, అందులో తప్పేం లేదు, తేలిగ్గా ఉంటుంది, రౌండ్లు, అంటే తూటాలు, ఎక్కువ పడతాయి, స్పేర్ పార్టులు ఎక్కడైనా దొరుకుతాయి. నాకు మాత్రం ఇష్టం పిడి ఉండే ఫ్రేమ్ నుంచి పైన వెనక్కీ ముందుకీ జరిగే స్లైడ్ దాకా మొత్తం స్టీల్‌తో చేసిన పాత సెమీ ఆటోమేటిక్ పిస్టల్స్ మీదే, అంటే ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్క రౌండ్ పేలి తర్వాతది దానంతటదే ఎక్కేవి. వీటిని కలెక్ట్ చేస్తా, క్యారీ కూడా చేస్తా, అంటే నడుముకి పెట్టుకుని తిరుగుతా, కానీ రెండిటికీ ఒకే గన్ ఎప్పుడూ వాడను. ఈ మధ్య ఇద్దరు ముగ్గురు ఫ్రెండ్స్ అదే అడిగారు, ఎందుకలా అని, అందుకే రాస్తున్నా.

కలెక్షన్ అంటే ముందు 1911 గురించి చెప్పుకోవాలి. జాన్ బ్రౌనింగ్ డిజైన్ చేసింది, 1911 మార్చిలో అమెరికా ఆర్మీ తీసుకుంది, 1985లో బెరెట్టాని సెలెక్ట్ చేసేదాకా అదే వాళ్ళ స్టాండర్డ్ పిస్టల్. రెండో ప్రపంచ యుద్ధంలో కోల్ట్ అనే గన్ కంపెనీ ఒక్కటే చేస్తే సరిపోదని టైప్‌రైటర్ల కంపెనీ రెమింగ్టన్ రాండ్‌కి, రైల్వే సిగ్నల్స్ చేసే యూనియన్ స్విచ్ అండ్ సిగ్నల్‌కి, ఇంకా షాట్‌గన్‌లు చేసే ఇథాకాకి కూడా ఆర్డర్లిచ్చారు. వీటన్నిటికంటే ముందు సింగర్ 500 పిస్టల్స్ చేసింది, మన అమ్మమ్మల ఇళ్ళల్లో ఉండే కుట్టుమిషన్ సింగరే. అవి ఇప్పుడు వేలంలో లక్ష డాలర్లు దాటి అమ్ముడైనవి ఉన్నాయి.

పాత మిలిటరీ 1911 చేతికొస్తే నేను ముందు చూసేది ఎడమ పక్క, స్లైడ్‌ని వెనక ఆపి ఉంచే స్లైడ్ స్టాప్ అనే లీవర్ కింద. గన్ విప్పి మళ్ళీ బిగించేటప్పుడు ఆ లీవర్‌ని సరిగ్గా ఎత్తి తోయకపోతే దాని కొన ఫ్రేమ్ మీద గీసుకుంటూ పోతుంది, సన్నగా నెలవంకలా ఒక గీత పడుతుంది. ఆ గీత ఉందంటే ధర తగ్గినట్టే. తర్వాత స్లైడ్ ఏ కంపెనీది, ఫ్రేమ్ ఏ కంపెనీది, బ్యారెల్ ఆ కాలందేనా, గన్ తనిఖీ చేసిన మిలిటరీ ఇన్‌స్పెక్టర్ ఇనీషియల్స్ అచ్చు పదునుగా ఉందా లేక పాలిష్ చేస్తే అరిగిపోయిందా, ఇవన్నీ చూడాలి. అన్నిటికంటే ముఖ్యం ఫినిష్, అంటే పైపూత. యుద్ధం టైమ్‌లో వేసిన ఆ బూడిద రంగు తుప్పు పట్టని పూత, పార్కరైజింగ్, అసలుది ఉంటే దానికుండే విలువ వేరు, ఎవరో ముద్దుగా ఉంటుందని మళ్ళీ నల్లటి నీలం రంగు బ్లూయింగ్ చేయించారంటే కలెక్టర్ ముట్టుకోడు.

కలెక్టర్ ముట్టుకోని అలాంటి గన్నే క్యారీకి కావాల్సింది, నేను చెప్పాలనుకున్నదల్లా ఇదే. ఫినిష్ ఎలాగూ పోయింది కాబట్టి గన్ పెట్టుకునే ఒర, హోల్‌స్టర్‌లో రాసుకుని ఇంకాస్త పోయినా బాధ లేదు, స్ప్రింగులు మార్చినా, గురి చూసే సైట్లు మార్చినా విలువ ఏం తగ్గదు. అసలు ఫినిష్‌తో ఎనభై ఏళ్ళు నిలబడిన పిస్టల్‌ని టెక్సస్ ఎండలో చెమటకి అప్పగించడం నాకు మనసొప్పదు, అది మన తర్వాత ఇంకొకళ్ళకి అలాగే చేరాలి.

నా క్యారీ గన్ బ్రౌనింగ్ హైపవర్, బెల్జియంలో ఎఫ్ఎన్ అనే గన్ కంపెనీ వాళ్ళు చేసింది, నా దగ్గరికొచ్చేటప్పటికే ఎవరో మళ్ళీ బ్లూయింగ్ చేయించారు. ఇదీ జాన్ బ్రౌనింగే మొదలుపెట్టి 1926లో చనిపోతే ద్యుదొనే సేవ్ అనే ఇంజనీర్ పూర్తి చేశాడు, 1935లో బయటికొచ్చింది, అప్పటికే మ్యాగజైన్‌లో 13 రౌండ్లు. మనకి దీనితో బంధం ఉంది, బెంగాల్‌లో ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ చేసే 9 ఎంఎం 1ఏ పిస్టల్ ఇదే డిజైన్, కెనడాలో ఇంగ్లిస్ కంపెనీ చేసిన హైపవర్ దానికి మూలం. ఇండియన్ ఆర్మీ, పోలీసులు ఏళ్ళ తరబడి వాడింది అదే, కానీ 9 ఎంఎం ప్రొహిబిటెడ్ బోర్, అంటే మామూలు జనానికి నిషేధించిన సైజు, కాబట్టి అక్కడ మామూలు లైసెన్సు మీద ఇవ్వరు. చేతిలో పట్టుకుంటే ఆ పలచటి గ్రిప్ అరచేతిలో ఇమిడిపోవడం ఒకెత్తు, మన దేశంలో ఎంతోమంది చేతుల్లో ఉన్నది ఇదే అన్న ఫీలింగ్ ఒకెత్తు.

నా హైపవర్ నిండా లోడ్ చేస్తే కిలో దాటుతుంది. మాల్‌లో కొన్న మామూలు బెల్టు సాయంత్రానికి జారిపోతుంది, రెండు పొరల తోలుతో గట్టిగా కుట్టిన గన్ బెల్టు, ట్రిగ్గర్ పూర్తిగా కప్పే హోల్‌స్టర్, ఈ రెండూ లేకుండా స్టీల్ గన్ క్యారీ జోలికి వెళ్ళొద్దు. కుడి నడుముకి పెట్టుకుంటే గన్ ఎడమ పక్క ఒంటికి ఆనుతుంది, సేఫ్టీ లీవరూ స్లైడ్ స్టాపూ ఉండేది ఆ వైపే, జూలైలో ముందు తుప్పు పట్టేది కూడా అక్కడే. ఇంటికి రాగానే నూనె గుడ్డతో తుడవాలి, అప్పుడప్పుడు చెక్క గ్రిప్స్ స్క్రూలు విప్పి లోపల చూడాలి, చెమట దూరి కూర్చుంటుంది, బయటికి తెలియదు.

సేఫ్టీ విషయం మాత్రం అస్సలు తేలిగ్గా తీసుకోవద్దు. ఈ గన్‌లు సింగిల్ యాక్షన్, అంటే హ్యామర్ ముందే వెనక్కి లాగి ఉంటేనే ట్రిగ్గర్ నొక్కితే పేలతాయి, అందుకే హ్యామర్ వెనక్కి లాగి సేఫ్టీ వేసి క్యారీ చేస్తారు, 1911కి పిడిని గట్టిగా పట్టుకుంటేనే వదిలే గ్రిప్ సేఫ్టీ కూడా ఉంటుంది, హైపవర్‌కి అది లేదు. పాత మోడల్స్‌లో, తూటాని కొట్టే ఫైరింగ్ పిన్‌ని గన్ కిందపడినా కదలకుండా ఆపే ఫైరింగ్ పిన్ బ్లాక్ ఉండదు, కోల్ట్ వాళ్ళు కూడా 1983లో సిరీస్ 80తోనే పెట్టారు, కాబట్టి కొన్న వెంటనే గన్‌స్మిత్‌కి చూపించి ఫైరింగ్ పిన్ స్ప్రింగ్, రికాయిల్ స్ప్రింగ్ రెండూ కొత్తవి వేయించాలి. ఇంకోటి, ఇవి గుండ్రటి మూతి ఉన్న మిలిటరీ బుల్లెట్ కోసం చేసినవి, మూతి బోలుగా ఉండే హాలో పాయింట్ బుల్లెట్ అన్నిట్లో సాఫీగా ఎక్కదు. మనం క్యారీ చేసే రౌండ్‌తోనే రేంజ్‌లో ఒకటికి రెండు సార్లు జామ్ లేకుండా నడిచిందంటేనే నడుముకి, లేకపోతే అది రేంజ్ గన్ అంతే.

మనవాళ్ళు తెలుసుకోవాల్సిన లా సంగతులు కొన్ని ఉన్నాయి. టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి పర్మిట్ లేకుండా క్యారీ చేయొచ్చు నిజమే, అయినా ఎల్‌టీసీ, అంటే టెక్సస్ క్యారీ లైసెన్స్, తీసుకోండి, వేరే స్టేట్‌కి వెళ్తే పనికొస్తుంది, క్లాసులో లా కూడా చెప్తారు. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళకి ఫెడరల్ లా ప్రకారం గన్ దగ్గర ఉంచుకోవడమే నిషేధం, హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులున్నాయి, వాటి మీద ఆధారపడేముందు లాయర్‌తో మాట్లాడాలి, వీసాతో ఆటలొద్దు. గ్రీన్ కార్డ్ ఉంటే ఆ ఇబ్బంది లేదు. 50 ఏళ్ళు దాటి అసలు రూపంలో ఉన్న గన్‌లు ఫెడరల్ లాలో క్యూరియో అండ్ రెలిక్, అంటే కలెక్టర్లు దాచుకునే పాత గన్‌ల, కిందకొస్తాయి, కలెక్టర్ లైసెన్స్ 3 ఏళ్ళకి 30 డాలర్లు, అది ఉంటే వాటిని వేరే స్టేట్ నుంచి కూడా నేరుగా ఇంటికి తెప్పించుకోవచ్చు, ప్రతి గన్ లెక్క పుస్తకంలో రాయాలి. పిల్లలున్న ఇంట్లో తాళం వేసిన సేఫ్ తప్పనిసరి, పిల్లాడి చేతికి లోడెడ్ గన్ అందేలా వదిలేయడం ఇక్కడ నేరం. గుడికి వెళ్ళేటప్పుడు నేను ఇంట్లోనే పెట్టి వెళ్తా, అది నా పద్ధతి.

తక్కువ డబ్బుతో మొదలుపెట్టాలనుకునేవాళ్ళు స్పెయిన్‌లో చేసిన స్టార్ బీఎం చూడండి, ఫ్రేమ్‌తో సహా స్టీలే, 8 రౌండ్లు, చిన్న 1911లా ఉంటుంది కానీ గ్రిప్ సేఫ్టీ ఉండదు. ఆ కంపెనీ 1997లో మూతపడింది కాబట్టి కొనేటప్పుడే స్పేర్ మ్యాగజైన్లు, ఒక ఫైరింగ్ పిన్ వెతికి తీసి పెట్టుకోండి, తర్వాత దొరకడం కష్టం.